ఆకాశానికి రంగు దొరకని రోజులు

ఆ రోజుల్లో హైదరాబాదులో రంగులన్నిటికీ యజమానులుండేవారు. గులాబీ చీర కట్టుకుని ఆఫీసుకు వెళితే "ఏంటండీ, ఇవాళ ధర్నానా?" అని అడిగేవాళ్ళు. పసుపు చున్నీ వేసుకుంటే అడిగేవాళ్ళు కాదు గానీ ఒక చూపు చూసేవాళ్ళు. పెళ్ళికి వెళ్ళే మనిషి కూడా టీవీలో వార్తలు చూసి మరీ బీరువా తెరిచే కాలం అది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుని, వారానికో బంద్, పది రోజులకో రాస్తారోకో నడుస్తున్న ఏళ్ళు. సరిగ్గా ఆ ఏళ్ళలో, సరిగ్గా ఆ ఊళ్ళో, నేను ఒక గోడ మీద ఆకాశం వెయ్యడానికి ఒప్పుకున్నాను. (ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి దేనికైనా ఒప్పుకుంటుంది.)

ఈ గోడ కథకు ముందు మా నాయిన సంగతి చెప్పాలి. ఆయన జనగామ డిపోలో ఆర్టీసీ కండక్టరు. నేను బొమ్మల కాలేజీలో చేరతానన్నప్పుడు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడాడు గానీ అవి ఇక్కడ రాసే మాటలు కావు. చివరికి ఆయనే వచ్చి ఫీజు కట్టాడు. నాలుగేళ్ళ తరవాత మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు డిజైనర్ ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే, వెబ్‌సైట్లలో జనం నొక్కే బటన్ల మూలలు గుండ్రంగా చెయ్యడం. (నాలుగేళ్ళు మనిషి ఎముకలూ కండరాలూ చూసి గీయడం నేర్చుకున్నది ఇందుకే.) అదీ ఆరు నెలల ప్రొబేషన్ మీద. నన్ను హాస్టల్లో దింపి వెళ్ళేటప్పుడు నాయిన గేటు దగ్గర ఆగి, "ఆర్నెల్లు సూస్త బిడ్డా. పర్మనెంట్ అయితే నీ బొమ్మలు, నీ ఇష్టం. కాలేదనుకో, సప్పుడు జెయ్యకుంట వచ్చి బ్యాంకు కోచింగుల చేరుతవ్. బ్యాంకుల కూసోని ఆదివారం పూట బొమ్మలేసుకో, ఎవ్వడొద్దన్నడు?" అన్నాడు. టికెట్ కొట్టినంత ఖాయంగా చెప్పాడు. నేను సరేనన్నాను. ఆదివారం పూట బొమ్మలేసుకునే బ్యాంకు ఉద్యోగిని కావడం కంటే ఘోరమైన బతుకు నాకు అప్పట్లో మరొకటి తోచేది కాదు.

మా కంపెనీ యజమానిని అందరం పెద్ద సార్ అనేవాళ్ళం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చాలా మంచివాడు, చాలా భయస్తుడు. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ఆయన పడే తాపత్రయానికి మా అందరి ప్రాణాలూ పోయేవి. నా ప్రొబేషన్ నాలుగో నెలలో ఒకరోజు పిలిచి, "మీరు ఫైన్ ఆర్ట్స్ కదండీ. మన రిసెప్షన్ గోడ బోసిగా ఉంది. రెండు నెలల్లో అమెరికా నుంచి క్లయింట్లు వస్తున్నారు. వాళ్ళు లోపలికి అడుగు పెట్టగానే హైదరాబాద్ కనబడాలి. చార్మినార్ మాత్రం వద్దండీ, అందరూ అదే వేస్తారు" అన్నారు. నేను వెనక్కి తిరుగుతుంటే, "గోడ అయిపోతే మీ కన్ఫర్మేషన్ కూడా చూసేద్దాం" అని ఇంకో ముక్క కలిపారు. అంటే గోడ బాగుంటే బొమ్మలు, బాగా లేకపోతే బ్యాంకు. పన్నెండడుగుల పొడవూ ఎనిమిదడుగుల ఎత్తూ ఉన్న ఆ తెల్లగోడ నాకు అప్పటికప్పుడు ఇంకో రెండడుగులు పెరిగినట్టు కనిపించింది.

చార్మినార్ వద్దన్నాక ఈ ఊరికి మిగిలేవి బండలే కదా. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండే బండరాళ్ళు, వాటి వెనక తెల్లవారుతున్న ఆకాశం. కంప్యూటర్‌లో నాలుగు ఫోటోలు వెతికి పట్టుకుని స్కెచ్ వేసేశాను. పెద్ద సార్‌కు నచ్చింది. ఇక చిక్కల్లా సమయం. మామూలు రోజుల్లో రిసెప్షన్లో జనం తిరుగుతుంటారు, రంగు డబ్బాలు తెరవడానికి వీల్లేదు. బంద్‌లకు పోయిన పని ఆదివారాల్లో చేయించేవాళ్ళు కాబట్టి ఆఫీసు ఖాళీగా ఉండేది బంద్ రోజుల్లోనే. మా హాస్టల్ నడిచి వచ్చే దూరం. అందుకని ఉద్యమం ఎంత వేడెక్కితే నా గోడ అంత ముందుకు సాగేది. టీవీలో ఫలానా రోజు బంద్ అని చెప్పగానే నా పక్క మంచం అమ్మాయి తల పట్టుకునేది, నేను బ్రష్షులు నానబెట్టుకునేదాన్ని. రాష్ట్రం మీద నాకు ప్రేమ లేక కాదు, గుండె నిండా ఉండేది. కానీ "ఈసారి రెండు రోజుల బంద్ పెడితే మబ్బులు కూడా అయిపోతాయి" అని ఆశపడిన ఉద్యమకారిణిని బహుశా నేనొక్కదాన్నే.

ఆ పక్క మంచం అమ్మాయిని నేను కాకినాడ అనేదాన్ని, నన్ను అది జనగామ అనేది. మా కంపెనీలోనే టెస్టింగ్‌లో పని. ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టడం దాని ఉద్యోగం, గదికి వచ్చాక కూడా డ్యూటీ దిగేది కాదు. రోజూ రాత్రి అన్నాల వేళ వార్తలు చూసి "మీవాళ్ళు", "మావాళ్ళు" అని గొంతులు చించుకునేవాళ్ళం. అరిచి అరిచి ఆకలేసి, వాళ్ళమ్మ పంపిన ఆవకాయ సీసా మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఒకే కంచంలో కలుపుకునేవాళ్ళం. ఆవకాయ విషయంలో మాత్రం ప్రత్యేక రాష్ట్రం కావాలని నేనెన్నడూ అడగలేదు.

మొదటి ఆకాశం రెండు రోజుల బంద్‌లో పూర్తయింది. లేత గులాబీ ఉదయం. కింద బండలు, పైన గోడంతా గులాబీ. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి రిసెప్షన్లో తిరునాళ్ళు. మా వైపు కుర్రాళ్ళు గోడ ముందు నిలబడి పిడికిళ్ళు ఎత్తి ఫోటోలు దిగుతున్నారు. ఒకడు నాకు చెయ్యి కలిపి "అక్కా, దుమ్ము లేపినవ్" అన్నాడు. కోస్తా సీనియర్లు మాత్రం తల దించుకుని గోడ పక్కనుంచి లిఫ్టు దాకా నడిచారు. పెద్ద సార్ వచ్చారు, చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"చాలా బాగుందండీ. కానీ ఆ రంగు..."

"తెల్లవారుజాము సార్ అది. ఉదయం."

"ఉదయమేనండీ, నాకు తెలుస్తోంది. ఎవరి ఉదయం అని అడుగుతారు కదా?"

దానికి జవాబు మా కాలేజీలో ఏ మాస్టారూ చెప్పి పంపలేదు. తరవాతి బంద్‌కు ఉదయాన్ని సాయంత్రం చేశాను. ముందు వేసిన రంగును తెల్లగా కప్పేసి మొదలుపెట్టాలని తెలుసు గానీ, అంత టైము లేక దాని మీదే పసుపు పూశాను. ఈసారి కోస్తా సీనియర్లు ఆగి "బ్రైట్‌గా ఉందమ్మా" అన్నారు. చెయ్యి కలిపిన కుర్రాడు నా సీటు దాకా వచ్చి, నెమ్మదిగా, "గిదేందక్కా, నువ్వు గూడనా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ మాటకు నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. పెద్ద సార్‌కు అది ఒక పూట నచ్చింది. సాయంత్రం ఎవరో ఫోన్లో "పార్టీ ఆఫీసు తెరిచారా?" అని వేళాకోళం చేశారట, "అమ్మా, దీన్ని కూడా కాస్త..." అన్నారు. పోనీ, ఆకాశానికి దేవుడిచ్చిన రంగే వేద్దామని మూడోసారి నీలం పూశాను. అప్పుడే కొత్తగా ఒక పార్టీ పుట్టి ఆ నీలాన్ని జెండాకెత్తుకుంది. "సార్, ఆకాశం నీలంగానే కదా ఉంటుంది" అన్నాను. "ఉంటుందండీ, నేను కాదనట్లేదు. వాళ్ళు కూడా అది చూసే పెట్టుకుని ఉంటారు" అన్నారాయన, ఎంతో బాధగా. కాషాయం సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆకుపచ్చ ఆకాశం వెయ్యాలంటే నాకే మనసు రాలేదు.

చివరికి నాలుగోసారి వానాకాలమని చెప్పి బూడిదరంగు పూశాను. బూడిదకు పార్టీ లేదు. పెద్ద సార్ ఊపిరి పీల్చుకుని "హమ్మయ్య, దీనికి ఎవరూ ఏమీ అనరండీ" అన్నారు. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చూడనేలేదు. కొరియర్ వాళ్ళు ఆ గోడకు సంచులు ఆనించి సంతకాలు పెట్టించుకునేవాళ్ళు. కాకినాడ ఒక్కతే పరీక్షగా చూసి, "ఏంటే ఇది? బూడిదలో ఇడ్లీలు పడిపోయినట్టున్నాయి" అంది. నాకు ఒళ్ళు మండి, ఆ రాత్రి దాని ఆవకాయ ముట్టుకోలేదు. "మీవాళ్ళ గొడవ, మావాళ్ళ గొడవ మధ్య నా బొమ్మ చచ్చిపోయింది" అని దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. పెద్ద సార్ కూడా మర్నాడు, "ఎవరూ ఏమీ అనట్లేదు గానీ, క్లయింట్లు కూడా ఏమీ అనరేమోనండీ. ఇంకోసారి ప్రయత్నించి చూస్తారా? లేకపోతే ఫ్లెక్సీ వేయించేద్దాం" అన్నారు. క్లయింట్లు రావడానికి పద్దెనిమిది రోజులుంది. నా ఆర్నెల్లు పూర్తవడానికీ అంతే. నాయిన ఫోన్ చేసి, ఉద్యమం కోసం ఆర్టీసీ అంతా సమ్మెలో ఉంది కాబట్టి తీరికే, స్వయంగా కోచింగ్ సెంటర్‌కు వెళ్ళి దరఖాస్తు తెచ్చి నింపి పెట్టానని చల్లగా చెప్పాడు.

తరవాత వరసగా మూడు బంద్‌లు వచ్చాయి. మూడు రోజులూ గోడ ముందు కూర్చున్నాను, ఒక్క గీత గీయలేదు. బ్రష్షు ముంచుతాను, చెయ్యి లేస్తుంది, ఈ రంగుకు ఎవరు మొహం చిట్లిస్తారోనని ఆలోచన వస్తుంది, చెయ్యి దిగుతుంది. మొదటి రోజు బ్రష్షులన్నీ కడిగాను. రెండో రోజు, కడిగిన బ్రష్షులనే మళ్ళీ కడిగాను. మూడో రోజు డబ్బాల మూతల మీద రంగుల పేర్లు అందంగా రాశాను. (ఆర్నెల్లలో నేను చేసిన మంచి పనితనం అదొక్కటే.) మధ్యాహ్నం దాటాక మా సెక్యూరిటీ గార్డు వచ్చి నా పక్కన కాగితం పళ్ళెం పెట్టాడు. చౌరస్తాలో ఉద్యమం వాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు, అక్కణ్ణుంచి అన్నమూ సాంబారూ తెచ్చాడు. ఆయన పాలమూరు వైపు మనిషి, అరవై దాటి ఉంటాయి, భుజాలు దిగజారే యూనిఫాం. మేమంతా కాకా అని పిలిచేవాళ్ళం.

నేను తింటుంటే కాసేపు గోడవైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత. కోపం జెయ్యకు."

"అడుగు కాకా."

"గా కింద ఉన్నయి... గవి ఏంది?"

"బండలు కాకా!"

"బండలా?" ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. "నేను మూటలనుకున్న. నువ్వు పైన రంగు మార్చుకుంట పరేషాన్ అయితున్నవ్. గిసుంటప్పుడు కింద ఏందని అడగబుద్ధి కాలే."

నాకు మొదట కోపం వచ్చింది. తరవాత గోడను చూశాను. మూటలే. కాకినాడ చెప్పినట్టు ఇడ్లీలైనా కావచ్చు గానీ బండలు మాత్రం కావు. నాలుగుసార్లు ఆకాశం వేశాను, ఆ నాలుగుసార్లూ కింద ఉన్నవాటి వంక కన్నెత్తి చూడలేదు. రాజకీయాల మీద, పెద్ద సార్ మీద, రెండు ప్రాంతాల మీద వేసిన నింద అంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి నా ఒళ్ళో కూర్చుంది. ఆ సాంబారు అంత కారంగా ఉందో, మరెందుకో గానీ నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జర లే, సూపిస్త" అన్నాడు కాకా. మా ఆఫీసు వెనక ఇంకా కట్టని జాగాలో నాలుగు బండలు మిగిలి ఉండేవి. ఆర్నెల్లుగా కిటికీలోంచి వాటి మీద ఎండిన తువ్వాళ్ళు చూశాను గానీ వాటిని చూడలేదు, బండల ఫోటోలు మాత్రం కంప్యూటర్లో వెతికాను. కాకా ఒక గులకరాయి తీసుకుని పెద్ద బండ మీద అక్కడా ఇక్కడా తట్టి చెవి ఆనించాడు. "ఒక్కొక్క తాన ఒక్కొక్క తీరు మోగుతది. ఇను. గిక్కడ గట్టి. గిక్కడ లోపట నర ఉన్నది." రాయి లోపల ఎటు చీలుతుందో ఆ దారిని ఆయన నర అంటాడు. అప్పుడు తెలిసింది, ఆయన ఈ ఊరికి వచ్చింది గార్డుగా కాదు, రాళ్ళు కొట్టడానికి. మా ఆఫీసు ఉన్నచోట ఉన్న గుట్టను కొట్టినవాళ్ళలో ఆయనొకడు. బండ పక్కన వరసగా తొలిచిన చిన్న గుంటలు చూపించి, "గివి నా చేతియే" అన్నాడు.

"మరి దీన్ని పగలగొట్టకుండా వదిలేశావేం కాకా?"

"సగం దాంక తొలిచినంక నర ఎటు వోయిందో దొరకలే. మూడు దినాలు కొట్టిన, రెక్కలు నొచ్చినయి గని రాయి ఇనలే. ఇగ వదిలేసి ఇంకోదాని మీదికి వోయిన." నవ్వాడు. "గందుకే బతికింది గిది."

తరవాత సీసాలో నీళ్ళు తెచ్చి బండ మీద పోశాడు. అప్పటిదాకా బూడిదరంగులో ఉన్న రాయి తడిసినచోట మెల్లగా రంగెక్కింది. నల్లటి చుక్కలు, తళుకులు, అక్కడక్కడా పసుపు జీర, నీడ పడ్డచోట నీలం, వీటన్నిటి కిందా గులాబీ. అచ్చంగా గులాబీ. "అమ్మో! కాకా, దీంట్లో అన్ని పార్టీలూ ఉన్నాయి, నా ఉద్యోగం పోతుంది" అని అరిచాను. ఆయనకు అర్థం కాలేదు. నేను మాత్రం అప్పటికే ఆఫీసువైపు పరుగెత్తుతున్నాను.

ఆ సాయంత్రం నేను కొత్త రంగు డబ్బా ఒక్కటి కూడా తెరవలేదు. గోడలకు పుట్టీ పట్టే రేకు తీసుకుని గీకడం మొదలుపెట్టాను. బూడిద కింద నీలం వచ్చింది, నీలం కింద పసుపు, దాని కింద గులాబీ. కొన్నిచోట్ల గట్టిగా గీకి, కొన్నిచోట్ల గరుకు కాగితంతో రుద్ది, బండ మీద నేను చూసిన జీరల వెంట రేకును నడిపించాను. కింద మూటలున్నచోట మాత్రం పాత డబ్బాల్లో మిగిలిన ఆ రంగులనే వరసగా పూసి, ఆరాక గీకాను. నేను చెడగొట్టిన నాలుగు ఆకాశాలూ ఒకదానిలోంచి ఒకటి తొంగిచూస్తూ రాయి అవుతుంటే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బట్టలన్నీ దుమ్మయ్యాయి. ఆకాశం వెయ్యలేదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా గోడంతా ఒకే బండ. తరవాతి రెండు బంద్‌లకూ కాకినాడ కూడా ముక్కుకు చున్నీ కట్టుకుని వచ్చి కింద భాగం రుద్దింది. రుద్దుతూ "ఇక్కడ గులాబీ ఎక్కువైంది" అంటే, "అక్కడ పసుపు ఎక్కువైంది" అని నేననేదాన్ని.

పెద్ద సార్ వచ్చి గోడ ముందు నిలబడ్డారు. మొదట "ఆకాశం ఏదండీ?" అన్నారు. లేదన్నాను. "పోనీలెండి, ఒక గొడవ వదిలింది" అన్నారు. ఆ తరవాత ఆయన కళ్ళు నేను భయపడిన చోటికే వెళ్ళాయి. "మరి ఆ గులాబీ..." తలుపు దగ్గర నిలబడ్డ కాకా ముందుకు వచ్చాడు. "సారూ, గా రాయి రంగే గంత. యెనక ఉన్నది, రాండ్రి సూపిస్త." గార్డు ముందు, యజమాని వెనక, వాళ్ళ వెనక నేను. పెద్ద సార్ మెరిసే బూట్లతో ఆ జాగాలోని ముళ్ళలోంచి నడిచారు. కాకా నీళ్ళు పోశాడు. తడి రాయి మీద పెద్ద సార్ అరచెయ్యి పెట్టి చూశారు.

"ఇది మనం రాకముందు నుంచీ ఇదే రంగులో ఉందంటావా?" అని అడిగారు.

"మీరు, నేను, ఎవ్వలం రాకముందుకెల్లి, సారూ."

ఆయన చెయ్యి తుడుచుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు నాతో, "ఉంచెయ్యండి. ఎవరైనా అడిగితే తీసుకొచ్చి చూపిద్దాం" అన్నారు. ఆ ఒక్కరోజు ఆయన ఎవరికీ భయపడకపోవడం చూశాను. తరవాత ఎవరూ అడగనూ లేదు. మావైపు కుర్రాళ్ళు గులాబీ తేలినచోట నిలబడి ఫోటోలు దిగారు, కోస్తా సీనియర్లు పసుపు జీర ఉన్న మూల, మిగతావాళ్ళు వాళ్ళవాళ్ళకు కావలసినచోట. క్లయింట్లు గోడను తట్టి చూసి, రాయి ఎక్కణ్ణుంచి తెప్పించారని అడిగారు.

కన్ఫర్మేషన్ కాగితం వచ్చిన వారానికి, సమ్మె అయిపోయాక, నాయిన వచ్చాడు. రిసెప్షన్లో నిలబడి గోడను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశాడు, బస్సులో జనాన్ని లెక్కపెట్టినట్టు. "గింత గోడ మీద ఒక్క బండనేనా? గిదానికి ఆర్నెల్లా?" అన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి వేలితో గోడను మెల్లగా గీరాడు, రాయి కాదని అప్పుడు నమ్మకం కుదిరింది. నావైపు తిరగకుండానే, "నాకేం ఎరుక బిడ్డా, నువ్వు గిట్ల గూడ ఏస్తవని" అన్నాడు. జేబులోంచి బ్యాంకు కోచింగ్ దరఖాస్తు మడత తీసి, పక్కనే ఉన్న కాకినాడకు అందిస్తూ, "నీకేమన్న పనికొస్తదా బిడ్డా?" అని అడిగాడు. అది చదివి, "రెండు తప్పులున్నాయండీ ఇందులో" అంది కాకినాడ.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. తెల్లాపూర్‌లో ఫ్లాటు, ఆఫీసులో నా కింద పదకొండు మంది. వాళ్ళు బటన్ల మూలలు గుండ్రంగా చేస్తే, ఇంకొంచెం గుండ్రంగా చెయ్యమని నేను చెబుతాను. ఆ పాత ఆఫీసు ఖాళీ చేసినప్పుడు గోడ అక్కడే ఉండిపోయింది, ఉందో లేదో వెళ్ళి చూసే ధైర్యం చెయ్యలేదు. పర్మనెంట్ కావడం కోసం అంత పోరాడిన పిల్ల, పర్మనెంట్ అయ్యాక ఒక్క గోడా వెయ్యలేదు. నాయిన ఎన్నడూ వద్దనలేదు, ఆ నేరం పూర్తిగా నాదే. ఆదివారాలు కూడా వేసింది లేదు. ఆ లెక్కన బ్యాంకు ఉద్యోగే నయం.

పోయిన ఎండాకాలం బుద్ధి పుట్టి ఒక పెద్ద కాన్వాసు కొన్నాను. పొద్దున్నే బాల్కనీలో నిలబెట్టి, రంగులన్నీ చుట్టూ పేర్చుకున్నాను. ఏ రంగు వేసినా అడిగే మనిషి లేడు. గంటన్నర కూర్చున్నాను, చెయ్యి లేవలేదు. బ్రష్షులు కడిగాను. ఎవరైనా వచ్చి "చాలా బాగుందండీ, కానీ..." అంటే ఎంత బాగుండునో అనిపించింది. ఆ మాట మీద కోపంతోనే కదా, ఒకప్పుడు ఒక గోడను అయిదుసార్లు వేసింది. ఏం తోచక ఆ ఖాళీ కాన్వాసును ఫోటో తీసి కాకినాడకు పంపాను. అది ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటోంది. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది: "అస్సలు బాలేదే జనగామా. ఆ కుడిపక్క మూల మరీ ఘోరం. మళ్ళీ వెయ్యి." బాల్కనీలో ఒక్కదాన్నే పగలబడి నవ్వి, చేతికందిన డబ్బాలో ఏ రంగుందో చూసుకోకుండా మూత తీశాను.